తాబేలు సంతకం పెట్టలేదు

మా దేవిక ఎడమ మోకాలి కింద ఒక పుట్టుమచ్చ ఉంది. ఆ సంగతి దానికి తెలుసు, కన్నదాన్ని గనక నాకు తెలుసు. ఇప్పుడు తీర జీవుల పరిరక్షణ గ్రాంటు మండలికి తెలుసు. మండలి గోడకి తెలుసు. ఆ గోడవారన జీళ్ళు అమ్ముకునే ముసలాయనకి తెలుసు. తాబేలు గుడ్లు ఎక్కడ పెట్టిందో మాత్రం ఎవరికీ తెలియకూడదట. అది దాని సొంత విషయమట.

నేను ఏడో తరగతి దాకా చదివాను. కాగితం మీద ఏం రాసుందో చదవగలను, చదివిన ప్రతిదానికీ భయపడగలను. మా ఆయన ఏడాదిలో ఎక్కువ నెలలు గుజరాత్ బోట్ల మీద ఉంటాడు. ఇక్కడ బొంతలపేటలో, సముద్రం ఒడ్డున, నేనూ దేవికా. ఆయన ఫోను ఒక పూట కలవకపోతే బోటు మునిగిందనుకుంటాను. దేవిక బస్సు ఆలస్యమైతే ఇంకేదో అనుకుంటాను. అలాంటి దాని ఇంటికి ఆ దరఖాస్తు వచ్చింది.

దరఖాస్తు ఎందుకంటే, చలికాలం పోయే ముందు మా ఒడ్డుకి తాబేళ్ళు వచ్చి గుడ్లు పెడతాయి. పేటలో కుక్కలు వాటిని తవ్వుకు తింటాయి. దేవిక డిగ్రీ అయ్యాక, ఆ గుడ్లు ఏరి తెచ్చి, ఒడ్డున ఒకచోట ఇసకలో పాతి, చుట్టూ సరుగుడు కొమ్మలతో దడి కట్టింది. గూటికో పుల్ల గుచ్చింది. పేటంతా దాన్ని గుడ్లదడి అంటారు. పిల్లలు పైకి రాగానే సముద్రంలో వదిలేస్తుంది. ఈసారి కుక్కలు దడి కింద నుంచి దూరటం నేర్చుకున్నాయి. ఒక పొద్దున వెళ్ళి చూస్తే నాలుగైదు గూళ్ళు తవ్వేసి ఉన్నాయి. పిల్ల ఆ పెంకులు ఒళ్ళో వేసుకుని కూచుంది.

"ఇంకొన్నాళ్ళు ఆగితే ఇవి నడిచేవే అమ్మా" అంది.

ఇనప కంచె వేయిస్తే తప్ప మిగిలినవి దక్కవు. కంచెకి మండలి గ్రాంటు ఇస్తుందని ఎవరో చెప్పారు.

ఆ దరఖాస్తు మా గుమ్మానికి అడ్డం పెట్టుకునే రాయంత మందం. పేరు, ఊరు, ఫొటో అడిగారు, సరే. ఎత్తు, బరువు, పుట్టుమచ్చలు అడిగారు. ఇంటి తలుపు ఏ దిక్కున ఉందో అడిగారు. ఇంటి మగవాళ్ళు ఏడాదిలో ఏ నెలల్లో ఇంటి దగ్గర ఉండరో అడిగారు. గ్రాంటు ఇచ్చేవాళ్ళకి ఈ సంగతి ఎందుకు? కన్నం వేసేవాళ్ళకి కదా కావాలి?

"నీ రక్తం గ్రూపు కూడా అడిగారేటే?" అన్నాను.

"రూలమ్మా."

"తాబేలుకి ఎక్కిస్తారా ఏటి?"

"నువ్వు ఊరుకో. కింద రాశారు చూడు."

కింద చీమ అక్షరాల్లో ఉంది. 'మీ వివరములు పరమ గోప్యముగా ఉంచబడును.' ఉంచుతాం అని ఉంటే కాస్త నమ్మేదాన్ని. ఉంచబడును అంటే, ఎవరు ఉంచుతారో వాళ్ళకే తెలియదన్నమాట.

దరఖాస్తు పంపిన వారానికే ఫోన్లు మొదలయ్యాయి. లోను కావాలా అని ఒకడు. స్థలం కొంటారా అని ఒకడు. ఒకడైతే ఏమీ అమ్మలేదు. "మోకాలి కింద మచ్చ ఉన్న దేవికేనా?" అని అడిగి నవ్వి పెట్టేశాడు. ఆ రోజు నేను అన్నం వండలేదు. తలుపు గడియ మూడుసార్లు చూసుకున్నాను. తెల్లవారి ఇద్దరం బస్సెక్కి మండలి ఆఫీసుకి వెళ్ళాం.

లోపలికి వెళ్ళక్కర్లేకపోయింది. బయట గోడ మీదే మా పిల్ల నిలువెత్తున ఉంది. ఫొటో, ఇంటి నంబరు, ఫోను నంబరు, బ్యాంకు నంబరు, మచ్చ, తలుపు దిక్కు, తండ్రి ఇంట్లో ఉండని నెలలు. జీళ్ళ ముసలాయన దాన్ని చూసి, "నువ్వేనా అమ్మా, ఫొటోలో ఇంకా బాగున్నావు" అన్నాడు.

లోపల ఒక గది తలుపు మీద 'వ్యక్తిగత సమాచార సంరక్షణాధికారి' అని ఉంది. కింద పేరు ఉండాల్సిన చోట నల్ల కాగితం అంటించి ఉంది. ఆయన పేరు ఆయన సొంత విషయం. మాకు ఎలా తెలిసిందంటే, అటెండరు తలుపు తోసి "ఉమాకాంతం గారూ, టీ" అన్నాడు. ఆ మాట అన్నందుకు అక్కడికక్కడే అతనికి మెమో ఇచ్చారు. టీ మాత్రం తాగారు.

"అయ్యా, మా పిల్ల వివరాలన్నీ గోడకెక్కించేశారు. ఎవడెవడో ఫోన్లు చేస్తన్నాడు" అన్నాను.

"అది పారదర్శకతమ్మా" అన్నారు ఉమాకాంతం గారు. "ప్రజల సొమ్ము ఎవరు కోరుతున్నారో ప్రజలకు విదితం కావలసి ఉన్నది."

"మరి గోప్యం అని రాశారు కదా బాబూ?"

"గోప్యత సమాచార యజమానికి వర్తించును. ఈ దరఖాస్తు ఎవరిని గూర్చినది? మీ అమ్మాయిని గూర్చినదా?"

"తాబేళ్ళ గురించండి" అంది దేవిక.

"కావున సమాచార యజమాని తాబేలు. మీరు కేవలం సమాచార దాత. దాతకు గోప్యత ఉండదు. మండలి కృతజ్ఞత మాత్రమే ఉండును." అని చేతులు జోడించి ఆ కృతజ్ఞత కూడా ఇచ్చేశారు.

తరవాత దరఖాస్తు తిరగేస్తూ లోపలి పేజీ ఒకటి చూశారు. అందులో దేవిక ఒడ్డు బొమ్మ గీసి, ఏ గూడు ఎక్కడ దొరికిందీ, అందులో ఎన్ని గుడ్లున్నాయీ రాసింది. ఆయన చప్పున అరచెయ్యి అడ్డం పెట్టి, కిటికీ వైపు తిరిగిపోయారు. స్నానం చేసేవాళ్ళని పొరబాటున చూసిన మనిషిలా ఉంది ఆయన వాలకం.

"ఎంత సాహసం! ఒక గర్భవతి ఏనాడు, ఏ స్థలమున ప్రసవించినదో, ఎందరిని కన్నదో పటము గీసి మరీ బహిర్గతం చేసితివి. ఆమె అంగీకారం తీసుకొంటివా?"

"సార్, అది గుడ్లు పెట్టేసి సముద్రంలోకి వెళ్ళిపోయింది."

"ఎక్కడికి వెళ్ళినదో చెప్పవద్దు! అది మరొక ఉల్లంఘన."

"కుక్కలు తవ్వేస్తున్నాయి సార్. కంచె తొందరగా కావాలి."

"అంగీకార పత్రం లేనిదే ఫైలు కదలదు. నేనే స్వయముగా వచ్చి యజమానికి నోటీసు అందజేసెదను."

"అవి రాత్రిపూట వస్తాయండి."

ఆయన నా పిల్లని పైనుంచి కిందికి చూశారు. "రాత్రివేళ ఆడువారి వద్దకు నోటీసు తీసుకొనిపోవుట నిబంధనలకు విరుద్ధం" అన్నారు.

అన్నట్టే మిట్టమధ్యాహ్నం వచ్చారు. బూట్లు ఇసకలో దిగబడుతుంటే అటెండరు గొడుగు పట్టాడు. మా బావగారు తాతారావు పడవ నీడన వల బాగుచేసుకుంటున్నాడు. ఉమాకాంతం గారు కెరటాలకి ఎదురుగా నిలబడి నోటీసు చదవటం మొదలుపెట్టారు.

"ఇందుమూలముగా బొంతలపేట తీరమున ప్రసవించిన సదరు తాబేలునకు తెలియజేయునదేమనగా..."

"బాబూ, కుసింత గట్టిగా సదవండి" అన్నాడు తాతారావు. "ఆళ్ళలో ముసిలోళ్ళున్నారు. ఇనపడదు."

ఆయన మొదటినుంచి గట్టిగా చదివారు. ఇంతలో పెద్ద కెరటం ఒకటి వచ్చి, చేతిలో కాగితం లాక్కుపోయింది, ఒక బూటు కూడా.

"అందినట్టు రాయి" అన్నారు అటెండరుతో, మొహం వెలిగిపోతూ.

"సంతకం, సార్?"

"'స్వీకరించి, సంతకం చేయక, నివాసమునకు మరలిపోయినారు' అని రాయి."

"బూటో?"

"అది రాయకు. అది నా సొంత విషయం."

అదే సమయానికి గోధుమరంగు కుక్క ఒకటి గుడ్లదడిలోంచి బయటికి వచ్చింది. మూతికి పచ్చసొన. నేను తెడ్డు తీసుకుని దాని వెంటపడ్డాను. దేవిక అప్పటికే దడిలో మోకాళ్ళ మీద ఉంది, చేతులతో ఇసక కప్పుతూ.

"బాబూ, ఇంకో గూడు పోయింది. మీ కాగితాలు తేలేలోగా ఒక్కటీ మిగలదు" అన్నాను రొప్పుతూ.

ఉమాకాంతం గారు కాసేపు ఆలోచించారు. ఆయన ఆలోచిస్తే నాకు భయమేసింది, అదే నిజమైంది.

"గుడ్లనగా మైనర్లు" అన్నారు. "తల్లి నోటీసుకు బదులివ్వలేదు. కావున సంరక్షకులెవరైనా మైనర్ల తరఫున అంగీకారం తెలుపవచ్చును. సమాచార దాత సంరక్షకురాలు కారాదు. వేరెవరైనా ఉన్నారా?"

అందరూ నా వైపు చూశారు. అటెండరు తీసిన అంగీకార పత్రంలో బంధుత్వం అన్న చోట మూడే మాటలున్నాయి. తల్లి, తండ్రి, కోర్టు ఉత్తర్వు పొందినవారు. కోర్టుకి వెళ్ళి వచ్చేలోగా కుక్కలు బలిసిపోతాయి. ఈ సంతకంతో రేషను కార్డు పోతుందా? ఇల్లు పోతుందా? మా ఆయన్ని బోటు మీంచి దింపేస్తారా?

"పెట్టెయ్ మరదలా" అన్నాడు తాతారావు. "తమ్ముడొస్తే నాను సెప్తాన్లే. ఒరే, నువ్వు ఊళ్ళో లేనప్పుడు నీ పెళ్ళానికి వెయ్యిమంది పుట్టారొరే అని."

నేను తల్లి అన్న మాట దగ్గర టిక్కు కొట్టి, గనగళ్ళ నూకరత్నం అని సంతకం పెట్టాను.

ఆ కాగితం పరమ గోప్యం. అందుకే రెండో రోజుకల్లా అంగన్‌వాడీ టీచరు మా ఇంటికి వచ్చింది.

"పిన్నీ, నీ పేరు మీద ఇంతమంది పిల్లలు ఎక్కారేటి? తలకో కోడిగుడ్డు ఇమ్మని వచ్చింది."

"గుడ్లకి గుడ్లు పెడతారా అమ్మా?"

"నన్నడిగితే? నాకు కంప్యూటరు చెప్పింది."

ఆ వెనక కుటుంబ నియంత్రణ నర్సమ్మ వచ్చింది. నన్ను తల నుంచి కాళ్ళ దాకా చూసి, మంచినీళ్ళు అడిగి తాగి వెళ్ళిపోయింది. నేను ఉమాకాంతం గారికి ఫోను చేశాను. "మండలి ఎవ్వరికీ చెప్పలేదమ్మా. ఇతర శాఖలతో సమాచారం తనంతట తాను అనుసంధానమైనది" అన్నారు. దానికీ కాళ్ళు వచ్చాయన్నమాట. గుడ్లకే ఇంకా రాలేదు.

ఏమైతేనేం, గ్రాంటు మంజూరైంది. ఇనప జాలీ, స్తంభాలు, గేటు, తాళం, అన్నీ వేసుకుని లారీ వచ్చింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. కాంట్రాక్టరు దిగి, "ఎక్కడ వెయ్యాలమ్మా?" అన్నాడు.

నేను చెయ్యి చాపబోయాను. లారీలోంచి అటెండరు దూకి నా చెయ్యి కిందికి దించేశాడు. "చూపించకూడదమ్మా. గుడ్ల చిరునామా మైనర్ల చిరునామా. బయటివాళ్ళకి చెప్తే నేరం."

"మరి కంచె ఎలా కడతాడు?"

"ఆర్డరు ఉంది కదా."

కాంట్రాక్టరు ఆర్డరు చూపించాడు. స్థలం అన్న దగ్గర నల్ల సిరా పూసేశారు. కొలతల మీద నల్ల సిరా. దేనికోసం అన్న దాని మీద నల్ల సిరా. ఆ కాగితంలో కళ్ళకి కనబడేవి రెండే. నా పేరు, నా ఫోను నంబరు.

"నేను ఇట్టాంటివి చాలా కట్టాను లెండి" అన్నాడు కాంట్రాక్టరు. లారీ ఎక్కడ ఇసకలో దిగబడిందో అక్కడే సరంజామా దించించాడు. అది మా ఎండు చేపల కళ్ళం. రోజంతా పేట కుక్కలు పడుకునే చోటు. చక్కటి కంచె. మనిషెత్తు జాలీ, కింద సిమెంటు కట్టు, చీమ దూరదు. గుడ్లదడికి అది కూతవేటు దూరం.

పోనీ, దడైనా ఉంది కదా అనుకున్నాను. సాయంత్రం అటెండరు ఇంకో కాగితం తీశాడు. దడి కనబడితే చిరునామా కనబడినట్టే, కావున దడి తొలగించవలెను. సరుగుడు కొమ్మలన్నీ పీకి లారీలో పడేశారు. గూటిగూటికీ గుచ్చిన పుల్లలు కూడా పీకేశారు. దేవిక అడ్డం పడితే, "మీ పిల్లల మంచికేనండీ" అన్నారు.

లారీ వెళ్ళిపోయింది. ఒడ్డు నున్నగా, ఖాళీగా మిగిలింది. ఆ ఇసక కింద గుడ్లున్నాయని మాకు తెలుసు, కుక్కలకి తెలుసు.

"నేను ఇంటికి రాను. పిల్లలు పైకి వచ్చేదాకా ఇక్కడే పడుకుంటాను" అంది దేవిక.

"ఒక్కదానివా?"

"ఇంకెవరున్నారు అమ్మా?"

ఇంకెవరున్నారో నాకు తెలుసు. మోకాలి మచ్చ అడిగి నవ్వినవాడున్నాడు. గోడ చదివినవాళ్ళందరూ ఉన్నారు. తండ్రి ఏ నెలల్లో ఇంట్లో ఉండడో వాళ్ళకి తెలుసు. ఇప్పుడు ఆ పిల్ల చీకట్లో, ఒడ్డున, ఒంటరిగా. కుక్కలు ఉన్నంతకాలం అది ఇంటికి రాదు. కంచె ఉంది, కానీ ఇసకలోంచి గుడ్లు తీసి ఇప్పుడు కంచెలోకి మార్చకూడదట. లోపల పిల్ల తయారయ్యాక కదిపితే చచ్చిపోతుందట.

కదపకూడనివి గుడ్లు. కుక్కల్ని కదపొచ్చు కదా.

నేను ఇంటికి వెళ్ళి, గంప నిండా ఎండు చేపల తలకాయలు నింపి నెత్తిన పెట్టుకుని కళ్ళం దగ్గరికి వచ్చాను. గేటు తీసి తలకాయలు లోపల కుమ్మరించాను. పేటలో ఉన్న కుక్కలన్నీ ఒకదాన్నొకటి తోసుకుంటూ దూరాయి. గోధుమరంగుది మాత్రం గేటు బయటే నిలబడి ఒడ్డు వైపు చూస్తోంది. గుడ్డు రుచి మరిగింది. మా ఆయన వస్తే వండుదామని దాచిన ఎండు వంజరం ముక్క ఒకటి కొంగులోంచి తీసి లోపలికి విసిరాను. అప్పుడు దూరింది. గేటు వేసి తాళం పెట్టాను. నీళ్ళకి రెండు పాత బానలు పెట్టించాను.

తాతారావు దూరం నుంచి చూస్తూనే ఉన్నాడు.

"మరదలా, కంచె గుడ్లకేశారా, కుక్కలికేశారా?"

"చెప్పకూడదు బావా. అది వాళ్ళ సొంత విషయం."

ఆ పూట దేవిక ఇంటికి వచ్చి అన్నం తింది. మర్నాటినుంచి పేటలో ఆడవాళ్ళందరం తలో పిడికెడు తలకాయలు తెచ్చి జాలీలోంచి వేశాం. కుక్కలు నున్నగా తయారయ్యాయి.

తరవాత తనిఖీకి ఉమాకాంతం గారు ఫొటోగ్రాఫరుని వెంటబెట్టుకుని వచ్చారు. కంచె దాకా వచ్చి, కంచెకి వీపు పెట్టి నిలబడ్డారు. లబ్ధిదారులను నేరుగా చూస్తే గోప్యతకు భంగమట.

"లబ్ధిదారులు క్షేమమేనా?" అని సముద్రాన్ని అడిగారు.

వెనక నుంచి కుక్కలు మొరిగాయి.

"ఆహారం స్వీకరించుచున్నారా?"

"చేప తలకాయలు బాబూ. ఒక్కటీ మిగల్చటం లేదు" అన్నాను.

"వసతి పట్ల సంతృప్తి?"

గోధుమరంగుది మోర ఎత్తి పెద్ద ఊళ వేసింది. ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి. అటెండరు కంచె వైపు తిరిగి చూశాడు, నోరు తెరిచాడు.

"సార్, ఇవి..."

"చూసినది చెప్పకు! ఇంకొక మెమో కావాలా?"

నివేదిక మీద సంతకం అయిపోయింది. ఈసారి ఆయన రెండు బూట్లతోనే తిరిగి వెళ్ళారు.

ఒక తెల్లవారుజామున దేవిక నన్ను చెయ్యి పట్టి లాక్కెళ్ళింది. ఒడ్డు మీద ఇసక ఉడుకుతున్న అన్నంలా కదులుతోంది. బొటనవేలంత పిల్లలు, వందలు వందలుగా, రెక్కల్లాంటి కాళ్ళతో ఇసక తోసుకుంటూ నీళ్ళకేసి పోతున్నాయి. దూరంగా కంచెలో కుక్కలు గోల పెడుతున్నాయి. దేవిక ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. కెరటం వచ్చి ఒక్కో వరసనీ తీసుకుపోయింది. ఒక్కటంటే ఒక్కటి నా వైపు తిరిగి చూడలేదు. కాగితాల ప్రకారం కన్నతల్లిని.

మొన్న మండలి వాళ్ళ రంగుల పుస్తకం పోస్టులో వచ్చింది. నడిమి పేజీలో పెద్ద ఫొటో. ఇనప కంచె, లోపల వరసగా మా పేట కుక్కలు, ఒక్కోదాని కళ్ళ మీద అడ్డంగా నల్ల పట్టీ. కింద అచ్చు వేశారు. 'గోప్యత దృష్ట్యా తాబేలు పిల్లల ముఖములు కప్పబడినవి.' ఆ కిందే నేనూ దేవికా, ఏ పట్టీ లేకుండా, పళ్ళు కనబడేలా. పేర్లు, ఇంటి నంబరు, ఫోను నంబరు, తలుపు దిక్కు. పుట్టుమచ్చ ఈసారి తప్పుపడింది. కుడి మోకాలు అని వేశారు. తప్పు దిద్దించుకోవాలంటే ఇంకో దరఖాస్తు ఉందట.

పుస్తకం ఇంకా చేతిలోనే ఉంది, ఫోను మోగింది.

"దేవిక ఉందా?" మగ గొంతు. ఆ నవ్వు నేను మరిచిపోలేదు. "ఫొటో చూశాను. మీ ఆయన ఈ నెల ఊళ్ళో ఉండడంట కదా. ఒకసారి వచ్చి కలుద్దామని. ఇంటి నంబరు ఉంది, దారే తెలీదు. ఇల్లెక్కడ?"

ఎప్పటిలాగే తలుపు గడియ వైపు చూశాను. కానీ మండలి వాళ్ళ దగ్గర ఇన్నాళ్ళు తిరిగినందుకు నేనూ ఒకటి నేర్చుకున్నాను. కిటికీలోంచి కళ్ళం వైపు చూశాను. గేటు తాళం తీసేసి చాలా రోజులైంది. అయినా కుక్కలు బయటికి పోవటం లేదు. గ్రాంటు అలవాటైపోయింది. ఆ పూట తిండి ఇంకా వెయ్యలేదు.

"రాసుకో నాయనా" అన్నాను. "బొంతలపేట, ఎండు చేపల కళ్ళం. చుట్టూ ఇనప కంచె ఉంటది. గేటు తోసుకుని నేరుగా లోపలికి వచ్చెయ్. నా పిల్లలందరూ అక్కడే ఉన్నారు."